సాంబయ్య పదకొండు సార్లు బయటికి పోయిన రోజు

సూరత్ ఖటోదరాలో మా కార్ఖానాలో నూట ఇరవై సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. అన్నీ కలిసి మోగుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆ మోతలో తలుపు దగ్గర నిలబడి, మూడో వరుసలో ఏడో సాంచా సరిగ్గా నడవడం లేదని చెప్పగలిగినవాడు సాంబయ్య ఒక్కడే. చెప్పడమంటే నోటితో కాదు. రెంచీ పట్టుకుని అటు నడిచేవాడు, అంతే. ఆయన జాబర్, అంటే సాంచా మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చేవాడు. మాట్లాడే అవసరం ఆయనకు పెద్దగా ఉండేది కాదు, ఉన్నా మాట్లాడేవాడు కాదు.

సిరిసిల్ల పక్క పల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో సూరత్ వచ్చాడు. నేను చెబుతున్నది తొంభై తొమ్మిది నాటి మాట. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. నవాగామ్‌లో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. నేను కాక అని పిలిచేవాణ్ణి. ప్లేగు వచ్చిన ఏడు మావాళ్ళంతా దొరికిన రైలెక్కి ఊళ్ళకు పారిపోతే ఆయన కదల్లేదు. షెడ్డు తాళంచెవి అడిగి తీసుకుని, రోజూ వెళ్ళి, ఆగిపోయిన సాంచాలకు నూనె పెట్టి వచ్చేవాడు. మేము తిరిగొచ్చాక, భయం వేయలేదా కాకా అని అడిగాను.

"ఎందుకు గాలె, అయింది. మరి తుప్పు పడ్తె ఎట్ల?" అన్నాడు.

పని వదిలి పోవడం ఆ మనిషికి చేతకాదు. ఈ సంగతి కార్ఖానాలో అందరికంటే నాకే బాగా తెలుసు. అందుకే ఈ కథ చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

నా పేరు అంబదాస్. టైమ్ ఆఫీసు నాది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు అన్నది రాసిపెట్టడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం కూడా సాంబయ్య చెబితేనే వచ్చింది. మావాడే, చదువుకున్నాడు, నమ్మవచ్చు అని ఆయన సేఠ్‌తో మూడు ముక్కలు చెప్పాడు. ఆ మనిషి నోట మూడు ముక్కలు రావడమే గొప్ప కాబట్టి సేఠ్ ఇంకేమీ అడగలేదు.

సాంచాల మీద పనిచేసేవాళ్ళు అంగీతో పనిచేయరు. షెడ్డులోకి రాగానే విప్పి గోడకు తగిలించి, బనియనుతో పనిలోకి దిగుతారు. ఉక్క ఒక కారణమైతే, అంగీ అంచులు తిరిగే బెల్టులో చిక్కుతాయన్న భయం ఇంకో కారణం. తలుపు పక్క గోడకు వరుసగా మేకులు కొట్టి ఉండేవి. ఆ మేకులకు ఒక మర్యాద ఉంది. తలుపుకు దగ్గరిది అందరిలోకీ పాత మనిషిది. ఆయన పని మానితే రెండో మేకువాడు మొదటిదానికి వస్తాడు, వెనకాలవాళ్ళు తలా ఒకటి జరుగుతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అయినా మిగతా రూళ్ళన్నిటికంటే గట్టిగా నడిచేది. సాంబయ్యకు మొదటి మేకు దక్కడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. కొత్తవాడెవడైనా తెలియక దానికి అంగీ తగిలిస్తే, ఆయన చూడకముందే పక్కవాళ్ళు తీసేసేవాళ్ళు.

ఆ జనవరిలో సేఠ్ అల్లుడు హాజరు కోసం కొత్త మిషన్ పెట్టించాడు. బొంబాయి నుంచి ఇంజనీరు వచ్చి, షెడ్డు తలుపుకు ముందున్న సన్నటి నడవలో, గోడకు కిటికీ అంత చట్రం ఒకటి బిగించాడు. దాన్ని యాంటెన్నా అన్నాడు. పనివాళ్ళందరికీ తలా ఒక తెల్ల ప్లాస్టిక్ కార్డు ఇచ్చాం. కార్డులో బ్యాటరీ ఉండదు. లోపల వెంట్రుకంత రాగితీగ చుట్ట, గోరంత చిప్పు మాత్రం ఉంటాయి. చట్రం చుట్టూ కంటికి కనపడని శక్తి ఒకటి పరుచుకుని ఉంటుందట. కార్డు అందులోకి వస్తే ఆ శక్తితోనే మేలుకుని తన నంబరు చెబుతుంది. పొద్దున మొదటిసారి చెబితే మనిషి లోపలికి వచ్చినట్టు, రెండోసారి చెబితే బయటికి పోయినట్టు, మూడోసారి మళ్ళీ లోపలికి. అదంతా నా బల్ల మీది కంప్యూటరులో పడుతుంది. కార్డు జేబులోంచి తీయక్కర్లేదు, మనిషి ఆగక్కర్లేదు.

అడగాల్సినవన్నీ ఇంజనీరును అడిగాననే అనుకున్నాను. ఎంత దూరంలో పడుతుంది? సుమారు రెండు మూరలు. కార్డు ఎట్లా ఉండాలి? చట్రానికి ఎదురుగా, అరచేయి చూపించినట్టు ఉండాలి. అంచు తిప్పి పట్టుకుంటే ఆనించినంత దగ్గరున్నా పడకపోవచ్చు. ఆయన తిప్పి చూపించాడు కూడా. ఇనుము అడ్డం వస్తే ఇబ్బంది, బట్ట గానీ ఇటుక గానీ లెక్కలోకి రావు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ముందు పక్క ఎంత దూరమో అడిగాను గానీ వెనక పక్క సంగతి అడగలేదు. గోడకు బిగించిన వస్తువుకు వెనక పక్కంటూ ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు.

మిషన్ వచ్చింది కదా అని తలుపు దగ్గరి వాచ్‌మన్‌ను సరుకు గేటుకు పంపేశారు. నేను మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, ఊరికి కొత్తగా వచ్చిన కలెక్టరులా వెలిగిపోతుండేవాణ్ణి. నా కిటికీకి సరిగ్గా ఎదురుగానే ఆ నడవ. ఈ ముక్క గుర్తుంచుకోండి, నాకు అప్పుడు గుర్తు లేదు.

రెండు నెలలు ఏ గొడవా లేదు. మార్చిలో ఎండ ముదిరింది. షెడ్డు తలుపు లోపల నిలువు ఫ్యాను ఒకటి పెట్టారు, తల తిప్పే రకం. సాంచాల మీదికి గాలి కొడితే పోగులు చెదురుతాయని దాన్ని మేకుల గోడ వైపు తిప్పి పెట్టారు.

ఆ వారం నుంచే సాంబయ్య బయటికి పోవడం మొదలైంది. అంటే కంప్యూటరులో. మొదటి రోజు ఆరు సార్లు. మర్నాడు తొమ్మిది. ఇంకో రోజు పదకొండు సార్లు బయటికి పోయి పదకొండు సార్లు లోపలికి వచ్చాడు. ఒక్కోసారి మూడు నిమిషాల్లోనే తిరిగి వచ్చేవాడు, ఒక్కోసారి ముప్పావు గంట పట్టేది. కొన్ని సాయంత్రాలు ఆయన టిఫిను డబ్బా పట్టుకుని ఇంటికి పోతుంటే మిషన్ 'లోపలికి' అని రాసేది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. మధ్యలో ఎప్పుడో కార్డు పడకుండా దాటి ఉంటాడనుకుని నా చేత్తోనే దిద్దేవాణ్ణి. మిషన్ తప్పును మనిషి తప్పుగా మార్చి రాసింది నేనే.

రెండు వారాల కాగితాలు తీసి మేనేజర్‌కు ఇచ్చాను. ఇవ్వకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. మిషన్ ఎంత బాగా పనిచేస్తోందో చూపించాలన్న ఉబలాటం.

బుధవారం పొద్దున మేనేజర్ సాంబయ్యను పిలిపించాడు. నన్నూ నిలబెట్టాడు. గుజరాతీ మనిషి, కేకలు వేసే రకం కాదు, అదే ఇంకా కష్టం.

"సచ్ బోలో, సాంబయ్యభాయ్. రోజ్ కహాఁ జాతే హో?"

నిజం చెప్పు, రోజూ ఎక్కడికి పోతున్నావని. సాంబయ్యకు ప్రశ్న అర్థమైంది గానీ అందులో తన పేరు ఎందుకుందో అర్థం కాలేదు. "కహీఁ నహీఁ సాబ్" అన్నాడు, ఎక్కడికీ పోవడం లేదని. మేనేజర్ కాగితాలు ఆయన ముందుకు తోశాడు. సాంబయ్యకు చదువు రాదు. ఆ కాగితాలను అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏందిరా గిది, అంబదాసూ? నేను పోయిన్నా?"

"కాకా, మిషన్ ఎందుకు అబద్ధం చెప్తది?" అన్నాను.

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. శనివారంలోగా ఎక్కడికి పోతున్నాడో చెప్పాలి, లేదంటే సోమవారం నుంచి రానక్కర్లేదని మేనేజర్ చెప్పాడు. యాభై ఒక్కేళ్ళ జాబర్‌ను, అందులోనూ పని ఎగ్గొట్టి తిరుగుతాడని పేరుపడ్డవాణ్ణి, ఖటోదరాలో ఏ షెడ్డువాడూ తలుపు లోపలికి రానివ్వడు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు.

మధ్యాహ్నానికి షెడ్డంతా పాకింది. సాంబయ్యకు ఉధనాలో ఇంకో సంసారం ఉందని ఒకడన్నాడు. అంత దూరం పోయి మూడు నిమిషాల్లో ఎట్లా వస్తాడురా అని ఇంకొకడు లెక్క తీశాడు. సోమలింగం అనే రెండో మేకువాడు మాత్రం నవ్వలేదు. మొదటి మేకు తనకు రాబోతోందని అందరూ తన వైపే చూస్తుంటే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదట, తర్వాత చెప్పాడు.

గురువారం పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే సాంబయ్య భార్య లింగవ్వ మా గుమ్మంలోకి వచ్చింది. పోట్లాటకు వచ్చిందేమోనని జంకాను.

"బిడ్డా, మీ కాక రోజుకు పదిమాట్ల బయటికి పోతుండంటగా. నిజమేనా?"

"మిషన్‌ల పడుతుంది చిన్నమ్మా."

"షుగరు గిట్ల వచ్చిందేమో. మా అన్నకు గిట్లనే ఆగకుండ పోవుడే, ఆఖరికి కాలు తీసిండ్రు. ఈయనేమో నోరిప్పి చెప్పడు. దవఖానకు రమ్మంటె కసురుకుంటుండు. నువ్వన్న జర చెప్పు బిడ్డా, నీ మాట ఇంటడు."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. మొగుడు ఎక్కడికో పోతున్నాడన్న అనుమానం ఆవిడకు ఒక్క క్షణం కూడా రాలేదు. ఆవిడ కూడా మిషన్‌నే నమ్మింది, కానీ మనిషిని వదిలిపెట్టకుండా నమ్మింది. చెబుతానులే చిన్నమ్మా అని తప్పించుకుని సైకిలెక్కాను.

శుక్రవారం పదకొండింటికి సాంబయ్య నా కిటికీ దగ్గరికి వచ్చాడు. బనియను మీద నూనె మరకలు, చేతిలో సుద్దముక్క. కోపమేమీ కనపడలేదు. చెడిపోయిన సాంచా ముందు నిలబడ్డప్పుడు మొహం ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

"ఏ రోజు ఎన్నిమాట్ల పోయిన్నో సదువు."

చదివాను. ఆయన ఒక్కో రోజుకూ తల ఊపుతూ విన్నాడు. మొన్నటి మంగళవారం దగ్గర ఆగమన్నాడు. ఆ రోజు ఆయన పొద్దున లోపలికి వచ్చాడు, సాయంత్రం బయటికి పోయాడు, మధ్యలో ఒక్కసారీ లేదు.

"మంగళారం నాకు జెరం. సలి పెడ్తుందని అంగి ఇప్పలే," అన్నాడు. కొంచెంసేపు గోడ వైపు చూశాడు. "నేను కాదు పోయేది. అంగి."

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు. సాంచా బాగుచేసేటప్పుడు జాబర్లకు ఒక పద్ధతి ఉంటుంది. ఒకేసారి నాలుగు మరలు విప్పరు. ఒక్కటి మార్చి, మిగతావి ఉన్నట్టే ఉంచి, నడిపి చూస్తారు. ఆయన లోపలికి పోయి ఫ్యాను ఆపాడు. నన్ను కంప్యూటరు చూస్తుండమన్నాడు. పావుగంట ఏమీ పడలేదు. ఫ్యాను వేశాడు. మూడో నిమిషంలో నలభై మూడో నంబరు, అంటే సాంబయ్య, బయటికి పోయాడు. ఆయన తలుపులో నిలబడి నన్నే చూస్తున్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆయన కార్డును అంగీ జేబులోంచి తీసి, మేకుల గోడకు, అంటే నడవలో చట్రం బిగించిన గోడకే లోపలి పక్కన, కొద్ది దూరంలో పట్టుకున్నాడు. మిషన్ ఒకసారి పడ్డ కార్డును రెండు నిమిషాల దాకా పట్టించుకోదు కాబట్టి ప్రతి చోటా రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చేది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపితే పడ్డట్టు, ఊపకపోతే లేనట్టు. పడ్డ చోటల్లా నేల మీదా గోడ మీదా సుద్దతో గీత పెట్టాడు. కార్డు గోడకు ఎదురుగా ఉంటే మూరన్నర దూరం దాకా పడుతోంది. అదే చోట అంచు తిప్పితే, గోడకు ఆనించినా పడదు. మేకుకు ఊరికే వేలాడే అంగీలో జేబు మడతపడి కార్డు అంచు గోడ వైపు ఉంటుంది. ఫ్యాను గాలికి అంగీ విప్పారి తిరిగితే కార్డు గోడకు ఎదురు పడుతుంది. గాలి అటు పోతే మళ్ళీ అంచు. రెండో మేకు దగ్గర ఎట్లా తిప్పినా పడలేదు, అక్కడిదాకా చట్రం బలం అందదు.

ఆయన నడవలోకి వచ్చి చట్రానికి ముందు పక్క కూడా అట్లాగే గీతలు పెట్టాడు. గోడకు ఇవతల ఎంత మేరో, గోడ మందం పోను అవతలా అంతే. చట్రానికి ముందూ వెనకా ఒకటే. బొంబాయి ఇంజనీరు నాకు చెప్పనిది, నేను అడగనిది, చదువు రాని మనిషి సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. తిండివేళ దాటిపోయింది. షెడ్డువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ గీతలు చూసి పోయారు.

శనివారం మేనేజర్ గదిలో ఆయన బనియనుతోనే వెళ్ళి నిలబడ్డాడు. అంగీ మొదటి మేకుకు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. నేను కంప్యూటరు ముందు నుంచి ఫోనులో మేనేజర్‌తో మాట్లాడుతున్నాను. ఎక్కడికి పోతున్నావో చెప్పు అని మేనేజర్ అడగడం నాకు వినపడింది.

"చెప్త సాబ్. జర ఆగుండ్రి," అన్నాడు సాంబయ్య. తెలుగులోనే అన్నాడు.

నాలుగు నిమిషాలు. తెర మీద నలభై మూడు పడింది.

"సాబ్," అన్నాను ఫోనులో, "సాంబయ్య ఇప్పుడే బయటికి పోయాడు."

 అటు నుంచి మేనేజర్ పెద్దగా నవ్వాడు. మంచి మనిషే, నవ్వాక లేచి వచ్చి సాంబయ్య భుజం మీద చెయ్యి వేశాడట. ఆ కాగితాలు చించేశాడు. చట్రాన్ని ఇంకో గోడకు మార్చడానికి ఇంజనీరు రావాలి, అతను వచ్చేదాకా ఏం చేయాలని అడిగాను. అదెంత పని, ఆ మేకు పీకేయండి అన్నాడు. పీకేశారు. సాంబయ్య తన అంగీని వరుసలో చివరికి తీసుకుపోయి తగిలించుకున్నాడు. సోమలింగం తన మేకు ఇస్తానంటే వద్దన్నాడు.

ఇంజనీరు మే నెలలో వచ్చాడు, చట్రం మారింది, మేకు మళ్ళీ కొట్టారు. సాంబయ్య ఆ తర్వాత నాలుగేళ్ళు అక్కడే పనిచేశాడు. హెడ్ జాబర్ కూడా అయ్యాడు. లింగవ్వ పట్టుబట్టి ఆయన్ని దవఖానకు తీసుకుపోయింది, షుగరు లేదు. కనిపిస్తే పలకరించేవాడు, పండక్కి ఇంటికి పిలిచేవాడు. నాతో ఒక్క పొల్లు మాట అనలేదు.

అన్నదల్లా ఆ శనివారం సాయంత్రం, కార్ఖానా వదిలాక. అందరూ వెళ్ళిపోయారు. ఆయన టిఫిను డబ్బా పట్టుకుని నా కిటికీ దగ్గర ఆగాడు. ముందుకు వంగి, నేను కూర్చునే కుర్చీ వైపు నుంచి నడవలోకి చూశాడు. ఒక మనిషి దాటితే చెప్పులు కూడా కనపడేటంత దగ్గర.

"నువ్వు రోజంత గీడనే కూసుంటవు గదా."

"అవును కాకా."

"నేను పోంగ ఒక్కపారన్న సూసినవా?"

చూడలేదు. రెండు వారాల్లో పనివేళ ఒక్కసారి కూడా చూడలేదు. 

"లేదు కాకా."

"మరి గా మాట బుధారం నాడు ఎందుకు చెప్పకపోతివి? మిషన్‌కు నేనెవరో తెల్వదు. నువ్వు సిన్నప్పటి సంది నన్ను ఎరుగుదువు."

జవాబు కోసం అడిగినట్టు లేదు. టిఫిను డబ్బా ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత, లింగవ్వ ఎదురుచూస్తుంటుంది, పోతా బిడ్డా అని నడిచాడు. తిడితే బాగుండేదని అప్పుడు అనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తుంది.